లావా లేని కొలిమి

దసరాకు నాలుగు రోజుల ముందే మా అన్న కొడుకు హైదరాబాద్ నుంచి ఊరికి దిగాడు. తొమ్మిదో తరగతి. భుజానికి ఒక సంచీ, అందులో రెండు జతల బట్టలు, ఒక ల్యాప్‌టాప్. వచ్చిన గంటకే వసారాలో నులకమంచం మీద బోర్లా పడుకుని ఆట మొదలుపెట్టాడట. కరీంనగర్‌లో ఆఫీసు పని ముగించుకుని, బస్సెక్కి జగిత్యాల దాటి నేను ఊరు చేరేసరికి చీకటి పడింది. మా అవ్వ అప్పటికే వాణ్ని మూడుసార్లు అన్నానికి పిలిచి, విసిగిపోయి ఉంది.

"ఏం ఆటరా అది, తిండి సోయి లేకుంట?" అంటూ పక్కన కూర్చున్నాను.

"ఫోర్జ్ కడుతున్న అత్తా" అన్నాడు తలెత్తకుండానే. నాకు అర్థం కాలేదనుకున్నాడేమో, "అదే... తాత కొలిమి లాంటిది" అన్నాడు.

కొలిమి! ఆ మాట మా ఇంట్లో విని ఎన్నేళ్లయిందో. అది కూడా, కొలిమి ఆరిపోయే నాటికి సరిగ్గా నడక కూడా రాని పిల్లాడి నోటి నుంచి!

తెర మీద చూస్తే చిన్న చిన్న బొమ్మలు. గడ్డాల మరుగుజ్జులు కొండను తవ్వుకుంటూ పోతున్నారు. ఆట పేరు డ్వార్ఫ్ ఫోర్ట్రెస్, అంటే మరుగుజ్జుల కోట అన్నమాట. అమెరికాలో ఆడమ్స్ సోదరులు ఇద్దరే కూర్చుని దీన్ని తయారుచేసి, 2006లో జనంలోకి వదిలారు. అప్పట్లో బొమ్మలు కూడా ఉండేవి కావు, అక్షరాలూ గుర్తులే మనుషులూ కొండలూ. అయినా న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం 2012లో ఏరి తెచ్చుకున్న మొదటి విడత వీడియో గేముల్లో ఇదొకటి. 2022 చివర్లో బొమ్మలతో కొత్త కూర్పు వచ్చింది. మావాడి చేతిలో ఉన్నది అదే.

ఏడుగురు మరుగుజ్జులతో ఆట మొదలవుతుంది. నేల తవ్వాలి, పంట పండించాలి, ఖనిజం తీయాలి, కొలిమి పెట్టాలి. మామూలు కొలిమికి బొగ్గు కావాలి. బొగ్గుకు చెట్లు కొట్టాలి. చెట్లు అయిపోతే పని ఆగిపోతుంది. అందుకని తెలివైన ఆటగాళ్లు కొండ కిందికి, ఇంకా కిందికి, భూమి అడుగున మరుగుతున్న లావా దొరికేదాకా తవ్వుకుంటూ పోతారు. దాని మీద రాతినేలకు కన్నం పెట్టి కొలిమి కడతారు. అంతే! ఇక బొగ్గు అక్కర్లేదు, కట్టె అక్కర్లేదు. కింద లావా ఉన్నన్నాళ్లూ ఇనుము కాలుతూనే ఉంటుంది.

"ఫ్రీ ఎనర్జీ అత్తా!" అన్నాడు మావాడు కళ్లు మెరిపిస్తూ.

అప్పుడొచ్చాడు మా బాపు. డెబ్భయ్యో ఏడు దగ్గర పడుతోంది. కళ్లజోడు సర్దుకుని తెర మీదికి వంగాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"గాలెవరు కొడ్తుండ్రురా?"

"గాలి అక్కర్లేదు తాతా. లావా ఉంది కదా."

బాపు నవ్వాడు. వాకిట్లో చాట పట్టుకుని కూర్చున్న అవ్వ మాత్రం నవ్వలేదు. చేతిలో చాట పక్కన పెట్టి, రెండు అరచేతులూ మావాడి ముందు చాపింది.

"గట్లనా! మా దగ్గెర ఆ లావా నేనేరా. ఇరవయ్యేండ్లు."

## గాలి కొట్టిన చేతులు

మాది కమ్మరి ఇల్లు. ఊరి చివర వేపచెట్టు కింద పెంకుల కప్పు, మూడు వైపులా గోడ, నాలుగో వైపు ఖాళీ. నేల మీద గుంత, అందులో నిప్పు. నిప్పు వెనక తిత్తి. మా తాత కాలంలో అది తోలు తిత్తి. బాపు కాలానికి చేత్తో తిప్పే ఇనుప చక్రం వచ్చింది. చక్రం తిప్పితే గాలి గొట్టం గుండా నిప్పుల అడుగుకి పోతుంది. తిప్పేది అవ్వ. ఎడమచేత్తో తిప్పుతూ, కుడిచేత్తో నన్ను ఒళ్లో పట్టుకుని పాలిచ్చేదని మా నాయనమ్మ చెబుతుండేది.

నిప్పులోంచి కర్రు ఎర్రగా బయటికి రాగానే అవ్వ చక్రం వదిలేసి సమ్మెట అందుకునేది. బాపు పట్టుకారుతో కర్రును దాగలి మీద పెట్టి, చిన్న సుత్తెతో ఎక్కడ కొట్టాలో తట్టి చూపిస్తాడు. అవ్వ సరిగ్గా అక్కడే సమ్మెట దింపుతుంది. టింగ్... ధన్. టింగ్... ధన్. మాటల్లేవు. కర్రు నల్లబడేలోపు ఎన్ని దెబ్బలు పడితే అంత పని. నల్లబడ్డాక కొడితే పగులుతుంది. మళ్లీ నిప్పులోకి. మళ్లీ చక్రం.

తొలకరికి ముందు పదిహేను రోజులు మాకు తిరనాళ్లే. నాగళ్లూ గుంటుకలూ భుజాన వేసుకుని రైతులు తెల్లారకముందే వచ్చి కూర్చునేవారు. బీడీలు, ముచ్చట్లు, వానల లెక్కలు, పెళ్లి సంబంధాలు... ఊరి కబుర్లన్నీ మా కొలిమి దగ్గరే కాగేవి. పైసలు చేతికిచ్చేది తక్కువ. పంట కల్లానికొచ్చాక గింజలు కొలిచి ఇచ్చేవారు. దాన్ని మేర అంటారు. వాన బాగుంటే మా గుమ్మి నిండేది. లేకపోతే ఊరితోపాటు మేమూ పస్తే.

తర్వాత ఏమైందో ఈ జిల్లాల్లో ఎవర్నడిగినా చెబుతారు. ట్రాక్టర్లొచ్చాయి. ఎడ్లు పోయాయి. ఎడ్లతోపాటు నాగలి, నాగలితోపాటు కర్రు. కొడవళ్లు సంతలో డజన్ల లెక్కన దొరకసాగాయి. విరిగినవి అతకడానికి రోడ్డు మీద వెల్డింగు షాపు పడింది. మా అన్న ఇంజినీరింగు చదివి హైదరాబాద్ వెళ్లాడు. నేను డిగ్రీ తర్వాత జర్నలిజం డిప్లొమా చేసి పత్రికలో చేరాను. ఎవరూ ఎవర్నీ తరమలేదు. కొలిమి దానంతటదే చల్లారింది.

నిజం చెప్పాలంటే, చల్లారినందుకు నాకు ఆనాడు బాధ లేదు. సిగ్గు ఉండేది. డిప్లొమా దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అన్నచోట నేను 'వ్యవసాయం' అని రాశాను. మాకున్నది ఎకరం చెలక. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. ఆ కాగితం మీద సంతకం చేసిన బాపుకి చదవడం వచ్చు. ఆయన చదివాడో లేదో నేను ఇప్పటికీ అడగలేదు.

## ఇంటి పక్కనే ఉక్కు

విలేకరి ఉద్యోగంలో ఉన్న మేలేమిటంటే, చిన్నప్పుడు నేర్చుకోని పాఠాలు జీతానికి నేర్చుకోవచ్చు. పాత కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల ఇనుము మీద రాయమని ఒకసారి నాకు పని పడింది. చదువుతూ పోతే కళ్లు తిరిగాయి.

మా ఊరి నుంచి మెట్‌పల్లి మీదుగా ఆర్మూర్ వెళ్లే రోడ్డులో కమ్మర్‌పల్లి వస్తుంది. పేరులోనే కమ్మరి ఉన్నాడు. దాని దగ్గర్లోనే కోనసముద్రం అనే ఊరు. ఒకప్పుడు అక్కడి ఉక్కు కోసం పర్షియా నుంచి, అంటే నేటి ఇరాన్ నుంచి, వర్తకులు వచ్చి మూటలు కట్టుకుని పోయేవారు. లోకమంతా డమాస్కస్ కత్తులని చెప్పుకునే ఆ నీటి అలల గీతల కత్తులకు ముడిసరుకు ఈ దక్కను ఉక్కే. మన 'ఉక్కు', కన్నడిగుల 'ఉక్కు' ఇంగ్లిషు నోళ్లలో పడి 'వూట్జ్' అయిందంటారు.

హెన్రీ వాయిసీ అనే ఆయన ఉండేవాడు. వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు. దేశాన్ని గొలుసులతో కొలిచిన మహా త్రికోణమితి సర్వేలో ఉద్యోగి. 1820 ప్రాంతంలో కోనసముద్రం వచ్చి, కొలిమి పక్కన నిలబడి, చూసిందంతా రాసుకున్నాడు. 1824లో ఆయన చనిపోయాడు. ఆ రాత 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఓ వర్తకుడు ఆయనకు ఆ ఊళ్లోనే తారసపడ్డాడు. తమ దేశంలో ఇలాంటి ఉక్కు చేయడానికి ప్రయత్నించి విఫలమయ్యారని, అందుకే ఇంత దూరం వస్తున్నామని ఆ వర్తకుడు చెప్పాడట. సరుకు తీసుకోవడమే కాదు, తూకం నుంచి పదును దాకా దగ్గరుండి చూసుకునేవాళ్లు ఆ వర్తకులు.

పని ఎలా జరిగేదంటే... వేరు వేరు చోట్ల తీసిన రెండు రకాల ఇనుము ముక్కల్ని కలిపి చిన్న మట్టి మూసలో వేసేవారు. మూసమట్టిలో వరి ఊక కలిపేవారు. పైన మట్టిమూత పెట్టి మెత్తేవారు. అలాంటి మూసల్ని కొలిమిలో పేర్చి, కట్టెబొగ్గు నింపి, తోలు తిత్తులతో గాలి కొట్టేవారు. ఎంతసేపు? దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ. మనుషులు వంతులు మారుతూ, ఆగకుండా! తర్వాత నెమ్మదిగా చల్లార్చి మూస పగలగొడితే అరచేతిలో పట్టే ఉక్కు బిళ్ల బయటపడుతుంది. అప్పుడది గాజులా పెళుసు. దాన్ని మళ్లీ మట్టి పూసి, కరగనంత సన్నటి వేడిలో గంటల తరబడి కాల్చి, చల్లార్చి, మళ్లీ కాల్చి... అలా మూడు నాలుగుసార్లు చేస్తేగాని సుత్తె కింద వంగేది కాదు.

ఈ పని ఒక్క ఊరిది కాదు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన గిల్ జులెఫ్, బెంగళూరు నియాస్‌కు చెందిన శారదా శ్రీనివాసన్ బృందాలు 2010లో ఉత్తర తెలంగాణ ఊళ్లన్నీ తిరిగి, వందకు పైగా చోట్ల ఇనుము, ఉక్కు తీసిన ఆనవాళ్లు నమోదు చేశాయి. వాళ్లకంటే ముందే ఈ ఊళ్లను కాలినడకన గాలించి పుస్తకం రాసిన పరిశోధకుడు ఎస్. జైకిషన్. ఇక నిర్మల్ సంగతి సరేసరి. 18వ శతాబ్దంలో ఇబ్రహీం బేగ్ ధంసా ఏలుబడిలో అక్కడ ఫిరంగులు పోత పోశారు. చిన్నప్పుడు జగిత్యాల కోటలో ఫిరంగి మీదెక్కి గుర్రమాడిన పిల్లల్లో నేనూ ఉన్నాను. కింద ఉన్నది ఎవరి చెమటో అప్పుడు తెలియదు.

ఆ చదువులో నన్ను ఆపేసిన విషయం ఇంకోటుంది. ఈ దేశపు ఉక్కు ముక్కల్ని 1819 నుంచి లండన్‌లో ఒక కుర్రాడు పరీక్షించాడు. ఇందులో ఏం కలిసింది, ఇంత గట్టితనం ఎలా వచ్చింది అని తలబద్దలు కొట్టుకున్నాడు. తర్వాత కరెంటు చరిత్రనే మార్చేసిన మైకేల్ ఫారడే ఆయన. ఆయన తండ్రి ఎవరనుకున్నారు? కమ్మరి. నేను 'వ్యవసాయం' అని రాసిన రోజు గుర్తొచ్చింది.

## లావా చాలదు!

దసరా ముందు రోజు బాపునీ మావాణ్నీ తీసుకుని కోనసముద్రం వెళ్లాను. పసుపు చేలు పచ్చగా ఉన్నాయి. పెద్ద గోపురమో శాసనమో ఉంటుందనుకున్న మావాడికి నిరాశే. చూడ్డానికి అక్కడేమీ లేదు. గట్ల మీద వెతికితే మాత్రం నల్లటి చిట్టెం ముక్కలు దొరికాయి. చిట్టెమంటే ఇనుము కరిగించినప్పుడు మిగిలే మడ్డి. బాపు ఒక ముక్క తీసి, వేలితో తుడిచి, ఒక వైపు గాజులా మెరుస్తున్న చోట గోరుతో గీశాడు.

"ఇది మన కొలిమి వేడి కాదు బిడ్డా. మనకింత వేడి ఎన్నడు రాలె" అన్నాడు.

"ఎంత వేడి తాతా? లావా అంతనా?" అన్నాడు మావాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని వాడే ఫోన్‌లో లెక్కలు తీశాడు. మనం నల్లరాయి అని పిలిచే రాయి ఒకప్పుడు లావానే. అలాంటి లావా భూమి పైకి వచ్చేటప్పుడు 1,100 నుంచి 1,200 డిగ్రీల సెంటీగ్రేడు దాకా ఉంటుంది. అచ్చమైన ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీలు కావాలి. ఇనుములోకి బొగ్గు చేరేకొద్దీ కరిగే వేడి తగ్గుతుంది. అయినా నూటికి ఒకటి రెండు పాళ్ల బొగ్గు ఉండే ఈ ఉక్కు పూర్తిగా కరగాలంటే 1,400 డిగ్రీల దరిదాపులకు చేరాల్సిందే.

మావాడు రెండోసారి లెక్క చూశాడు. మూడోసారి చూశాడు.

"అంటే... లావా చాలదు అత్తా!"

చాలదు మరి. లావా తన వేడికి మించి ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు. కట్టెబొగ్గు అలా కాదు. గాలి కొట్టేకొద్దీ ఎక్కుతుంది. ఎంత ఎక్కాలో తేల్చేది తిత్తి దగ్గర కూర్చున్న మనిషి. కోనసముద్రంలో ఒక పగలూ ఒక రాత్రీ వంతులు మారిన ఆ మనుషులు, భూమి కడుపులోంచి వచ్చే నిప్పు కంటే ఎక్కువ నిప్పును పుట్టించారు. అదీ కట్టెబొగ్గుతో, ఎద్దుతోలుతో. వాళ్ల పేర్లు వాయిసీ రాతలోనూ లేవు.

మనకు లావా లేదనుకోవద్దు. వచ్చింది, ఒకప్పుడు. దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట దక్కను అంతా లావా పొరలు పొరలుగా పరుచుకుంది. నిర్మల్ ఘాటు ఎక్కి ఆదిలాబాద్ వైపు సాగితే కనిపించే నల్లరాతి గుట్టలు ఆ లావావే. అది అరిగి మట్టయితే నల్లరేగడి. ఇప్పుడందులో పత్తి పండుతోంది. ఆటలో కొలిమి నడిపే లావా, ఆదిలాబాద్‌లో పత్తి పండించి ఊరుకుంది. ఇనుమును మాత్రం మనుషులే చూసుకున్నారు.

ఆట మీద నాకు చులకన లేదు. అందులో కూడా ఒక న్యాయముందని మావాడే చూపించాడు. లావా కొలిమిలో ఇనుము తీయడానికి బొగ్గు అక్కర్లేదు గానీ, ఉక్కు చేయాలంటే మాత్రం బొగ్గు వేయాల్సిందేనట. అదీగాక రెండు రకాల ఇనుము కలపాలట! వాయిసీ చూసినదానికి ఎంత దగ్గరగా ఉందో. ఎక్కడో అమెరికాలో కూర్చున్న ఆ అన్నదమ్ములు ఎవరి పుస్తకం చదివారో గానీ, పనిని గౌరవించే చదివారు.

మరి ఇంత ఉక్కూ ఏమైంది? 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ కర్మాగారాల ఉక్కు చవగ్గా వచ్చి పడింది. అడవులకు కాపలా వచ్చి బొగ్గు కరువైంది. కత్తులు కొనే రాజులే లేకుండా పోయారు. కొనేవాడు పోతే కొలిమి పోతుంది. ఆదిలాబాద్ అడవుల్లో ఓజుల సంగతి చూడండి. జైనూర్ దగ్గర ఉషేగాం లాంటి ఊళ్లలో మైనపు బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగించి ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. ఆ డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది ఇంకా బతికి ఉండటానికి ఆ గుర్తింపు కంటే ముందున్న కారణం గోండులు. వాళ్ల దేవుళ్లకు, పండుగలకు ఆ ఇత్తడి గంటలూ బొమ్మలూ తరతరాలుగా కావాలి. మా ఊరికి మాత్రం కర్రు అక్కర్లేకుండా పోయింది.

## పూజలో ఖాళీ

దసరా తెల్లవారుజామున బాపు ఎప్పటిలాగే పనిముట్లు కడిగాడు. సుత్తె, రెండు పట్టుకార్లు, ఒక సమ్మెట, గాలి చక్రం. పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. కొలిమి ఆరినా ఈ పూజ ఒక్క ఏడు కూడా మానలేదు. వరసగా పెట్టిన పనిముట్ల మధ్య ఒకచోట జానెడు ఖాళీ వదిలేస్తాడు. నేను ఏటా చూసేదాన్ని, చూడనట్టే ఉండేదాన్ని. ఈసారి మావాడు అడిగేశాడు.

"తాతా, నీ దాగలి ఏది?"

వాడి ప్రశ్నకు కారణముంది. ఆటలో రాయి, మట్టి, లావా అన్నీ ఉన్నా దాగలి లేకపోతే కొలిమి కట్టనివ్వదట. దాగలి చేసుకోవాలంటే కొలిమి కావాలి, కొలిమికి దాగలి కావాలి. అందుకే ఆట మొదట్లోనే బండిలో ఏం మరిచినా దాగలి మరవకూడదని వాడు నేర్చుకున్నాడు.

బాపు జవాబు చెప్పలేదు. అవ్వ నా వైపు చూసి తల తిప్పుకుంది.

ఆ దాగలిని అమ్మింది నేను.

2013లో పాత ఇల్లు తీసి రెండు గదులు స్లాబు వేశాం. కొలిమి ఉన్న చోట స్నానాలగది వచ్చింది. దాగలి వాకిట్లో అడ్డంగా పడి ఉంది. మా ముత్తాత కాలం నాటిది. మీద వేల దెబ్బలు పడి మధ్యలో కొద్దిగా గుంట పడింది. బాపు పొలం వెళ్లిన పూట పాత ఇనుప సామాను బండివాడు వీధిలోకి వచ్చాడు. నేనే పిలిచాను. తూకం వేశాడు. ఇద్దరు మనుషులు లేపలేక లేపి బండిలో పెట్టారు. వచ్చిన డబ్బులకు ఇంకొన్ని కలిపి స్నానాలగదికి తలుపు కొన్నాం. సాయంత్రం బాపు వచ్చి ఖాళీ చోటు చూశాడు. 'యాడికి పోయింది' అని కూడా అడగలేదు. వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు. ఆ నిశ్శబ్దాన్ని అప్పట్లో నేను ఒప్పుకోలు అనుకున్నాను.

"నేనే అమ్మిన్రా" అన్నాను మావాడితో. గొంతు ఎందుకో బొంగురుపోయింది. "కిలోల లెక్కన."

వాడు నన్ను తిట్టలేదు. "అయ్యో అత్తా, ఫస్ట్ థింగే అమ్మేసినవా" అన్నాడు, ఆట ఓడిపోయినవాళ్ల మీద జాలిపడ్డట్టు.

అప్పుడు నోరు విప్పాడు బాపు. "పోనియ్‌రా. రైలు పట్టా ముక్క ఉన్నది దొడ్లె. చిన్న పనికి గది చాలు."

## మొల

జమ్మి పెట్టి వచ్చిన మర్నాడు పొద్దున్నే దొడ్లో గుంత తవ్వారు తాతా మనవడూ. అవ్వ కట్టెబొగ్గు జల్లెడ పట్టి ఇచ్చింది. గాలి చక్రం తుప్పు వదిలించి నూనె వేశారు. చక్రం దగ్గర మావాడు కూర్చున్నాడు. మొదటి ఐదు నిమిషాలు ఉత్సాహం. పదో నిమిషానికి చెయ్యి మార్చాడు. ఇరవయ్యో నిమిషానికి వేళ్ల మొదట్లో బొబ్బ.

"ఆగకు! ఆగితే సల్లారుతది" అంటున్నాడు బాపు.

"ఎంత హీట్ వచ్చిందో ఎట్ల తెలుస్తది తాతా? థర్మామీటర్ లేదు కదా!"

"కండ్లున్నయి కద."

ఆ పూట బాపు చెప్పిన పాఠం నేను కూడా మొదటిసారి విన్నాను. ఇన్నేళ్లూ అదే ఇంట్లో ఉండి! ఇనుము మొదట పండుమిరప రంగుకొస్తుంది. అప్పుడు వంగుతుంది గానీ సాగదు. తర్వాత మోదుగుపువ్వు రంగు. అప్పుడు సుత్తెకు లొంగుతుంది. ఇంకా కొడితే గడ్డపసుపు రంగు. అదీ అసలు పని చేసే వేళ. దాన్ని దాటి తెల్లబడి రవ్వలు చిమ్మిందంటే ఇనుము కాలిపోతున్నట్టు, ఇక పనికిరాదు. మావాడు ఫోన్‌లో చూసి, ఎరుపుకు 800, నారింజకు 950, పసుపుకు 1,100 డిగ్రీలు ఉంటుందని అటూ ఇటుగా సరిపోల్చాడు. తాత లెక్క తప్పలేదు. ఎండలో అయితే రంగు తెలియదని, అందుకే కొలిమికి కప్పు నీడ ఉంచుతారని కూడా అప్పుడే తెలిసింది. చిన్నప్పుడు మా కొలిమి ఎందుకంత చీకటిగా ఉంటుందో అనుకునేదాన్ని!

వేలెడు ఇనుప చువ్వ గడ్డపసుపు రంగుకు రాగానే బాపు పట్టుకారుతో లాగి రైలు పట్టా మీద పెట్టాడు. చిన్న సుత్తెతో తట్టి చూపించాడు. సమ్మెట ఎత్తడానికి మావాడి చేతులు చాలలేదు. నేను లేద్దామనుకునేలోపే అవ్వ కొంగు బిగించి లేచింది. అరవై అయిదేళ్ల మనిషి. మోకాళ్ల నొప్పులు.

టింగ్... ధన్. టింగ్... ధన్.

పదేళ్లకు పైగా అయినా ఆ వరస తప్పలేదు. మధ్యలో ఇద్దరూ ఒక్కమాట మాట్లాడుకోలేదు. మూడు కాకల్లో ఒక మొల తయారైంది. తల కాస్త పక్కకు ఒరిగింది, మొన మాత్రం సూటిగా ఉంది. బాపు దాన్ని నీళ్లలో ముంచితే చుయ్‌మంది. మావాడు దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసుకున్నాడు. అంగట్లో అలాంటివి గుప్పెడు కొనుక్కోవచ్చని వాడికి తెలుసు. అయినా జేబులో వేసుకున్నాడు.

ఆ రాత్రి మళ్లీ ఆట తెరిచాడు. ఆ ఆటలో మరుగుజ్జులకు మనకు నచ్చిన ముద్దుపేరు పెట్టుకోవచ్చట. లావా కొలిమి దగ్గర పనిచేసే మరుగుజ్జుకి 'నాయనమ్మ' అని పెట్టాడు. చూసి అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "నాకు గడ్డం గూడ పెట్టిండు దొంగముండాకొడుకు" అంది.

నేను బాపు పక్కన కూర్చున్నాను. దాగలి సంగతి ఎత్తుదామనుకున్నాను. క్షమాపణలు మా ఇళ్లలో అలవాటు లేవు. "బాపూ, అప్పుడు కాలేజీ ఫారంల నీ పని వ్యవసాయం అని రాసిన" అన్నాను.

"చదివిన" అన్నాడు. కాసేపాగి, "ఎకరం ఉండె గద, తప్పేం లేదు" అన్నాడు.

నాకేం మాట్లాడాలో తోచలేదు. ఆయనే మళ్లీ అందుకున్నాడు, నా వైపు చూడకుండా, వసారాలో వెలుగుతున్న తెర వైపు చూస్తూ.

"సంక్రాంతికి పోరడు మళ్ల వస్తడా? వస్తే ముందుగాల్ల చెప్పు. ఈ బొగ్గు సెమ్మ పట్టింది. ఎండబెట్టి ఉంచుత."